సూది పట్టే ముందు: బొంతలు, మేజోళ్ళ గురించి పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంట్లో కూర్చుని బొంతలు కుట్టేవారు, మేజోళ్ళు అల్లేవారు ఈ చలికాలంలో పంపిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాను. ఉత్తరాలన్నీ ఒక్కచోట పెట్టుకుని చదివినప్పుడు నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. మీరు రాసిన ఇబ్బందులలో చాలా భాగం మీ చేతిపనిలోని లోపాలు కావు. బట్టను తడిపి ఆరవేయకముందే కత్తెర పట్టడం వల్ల, కాలిని కొలవకముందే కుట్లు ఎక్కించుకోవడం వల్ల వచ్చినవి. అందుకే నా జవాబులలో కుట్టు కంటే కుట్టుకు ముందు చేయవలసిన పని గురించే ఎక్కువ రాశాను.

ప్రశ్న: మా అమ్మ పోయి ఏడాదయింది. ఆమె కట్టుకున్న చీరలు తొమ్మిది నా దగ్గర ఉన్నాయి. మా అమ్మాయికి వచ్చే నెలలో పురుడు. ఆ చీరలతో పుట్టబోయే బిడ్డకు ఒక చిన్న బొంత, మా అమ్మాయికి ఒక పెద్ద బొంత కుట్టాలని ఉంది. కొన్ని చీరలు మధ్యలో బాగా పలచబడ్డాయి. ఎన్ని చీరలు కావాలి, చేత్తో కుట్టాలా, మిషను మీద కుట్టాలా చెప్పగలరు. (ఒక పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: అమ్మా, ముందుగా ఆ తొమ్మిది చీరలను మూడు రాశులుగా విడదీయండి. అసలైన నూలు చీరలు ఒక రాశి, పాలియెస్టరు కలిసినవి ఒక రాశి, పట్టు గాని జరీ గాని ఉన్నవి ఇంకొక రాశి. బొంతకు పనికివచ్చేది మొదటి రాశి మాత్రమే. పాలియెస్టరు చెమట పీల్చదు, పైగా ఉతికినప్పుడు నూలు పొర ఒక విధంగా, అది ఇంకొక విధంగా ఒదుగుతాయి కాబట్టి బొంత ముడతలు పడుతుంది. జరీ పసిబిడ్డ ఒంటికి గీసుకుంటుంది. అయినా అమ్మ చీర కాబట్టి పారవేయడానికి మనసొప్పదు. ఆ అంచులను విప్పి మీ దగ్గర వేరే పనికి ఉంచుకోండి.

తరువాత ఒక్కొక్క నూలు చీరను ఇద్దరు పట్టుకుని ఎండకు ఎదురుగా నిలబెట్టి చూడండి. వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వచ్చే చోట పోగులు అరిగిపోయినట్టు లెక్క. అక్కడ రెండు బొటనవేళ్ళతో మెల్లగా లాగితే సరసరమని చిరిగే బట్టను పై పొరగా వేయకూడదు. అలాగని అది వృథా కాదు. అలా పలచబడిన బట్టే అన్నిటికంటే మెత్తగా ఉంటుంది కాబట్టి దాన్ని లోపలి పొరలలో వేసి, చెంగు, కుచ్చిళ్ళ దగ్గర గట్టిగా ఉన్న భాగాన్ని పైకి, అడుగుకు వాడండి. మన ఇళ్ళలో పుట్టిన బిడ్డను మొదట పాత బట్టలోనే పడుకోబెట్టే అలవాటు వెనుక ఉన్న కారణం కూడా ఈ మెత్తదనమే.

ఇక లెక్క. సాధారణంగా చీర ఐదున్నర మీటర్ల పొడవు, సుమారు 1.15 మీటర్ల పన్నా ఉంటుంది. దానిని పొడవునా నాలుగు సమభాగాలుగా కత్తిరిస్తే ఒక్కొక్కటి ఇంచుమించు 1.37 మీటర్ల పొడవు, 1.15 మీటర్ల వెడల్పు ఉన్న ముక్క అవుతుంది. ఆ నాలుగింటిని ఒకదాని మీద ఒకటి పరిస్తే ఒక్క చీరతోనే బిడ్డకు నాలుగు పొరల బొంత తయారవుతుంది. అమ్మాయి బొంతకైతే చీరను సరిగ్గా సగానికి కత్తిరించి, ఆ రెండు ముక్కలను పక్కపక్కన పెట్టి పొడవు అంచుల వెంట జతచేయాలి. అప్పుడు 2.75 మీటర్లకు 2.3 మీటర్ల పొర ఒకటి వస్తుంది. అటువంటివి నాలుగు పొరలు వేస్తే నాలుగు చీరలు పడతాయి. ఐదో పొర వేయాలని చాలామంది ఆశపడతారు గాని, చేత్తో కుట్టేవారికి సూది దిగక వేళ్ళు నొప్పి పెడతాయి. మన చలికి నాలుగు పొరలు చాలు.

కత్తిరించకముందు అన్నిటినీ ఒకసారి వేడినీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరవేసి, ఇస్త్రీ చేయండి. ఎప్పుడో పెట్టిన గంజి పోవాలి, ముడుచుకోవలసినదంతా ముందే ముడుచుకోవాలి. ఈ ఒక్క పని మానేసినందువల్ల ఎంతో ఓర్పుగా కుట్టిన బొంతలు మొదటి ఉతుకులోనే మూలలు లేచిపోయి వంకరపోవడం నేను చూశాను.

పొరలను పరచడానికి మంచం కంటే గచ్చు నేల మంచిది. అడుగు పొరను పరచి, ముడత లేకుండా అరచేత్తో నడుమ నుంచి అంచులకు సవరించి, దాని మీద రెండో పొర, అలాగే మిగతావి పరవండి. తరువాత పెద్ద పెద్ద టాకాలు వేయాలి. వాటిని నడుమ నుంచి మొదలుపెట్టి నాలుగు దిక్కులకూ, ఒక్కొక్క వరుసకూ జానెడు దూరం ఉండేటట్టు వేసుకుంటూ పోతే పొరల మధ్య చిక్కిన గాలి, ముడత బయటికి జరుగుతాయి. టాకాలు పూర్తయ్యాక నాలుగు అంచులను లోపలికి మడిచి కుట్టి, ఆ తరువాతే అసలు కుట్టు మొదలుపెట్టండి. పొట్టి సూది, గట్టి నూలు దారం తీసుకోండి. దబ్బనం వంటి లావు సూది వద్దు, పాత బట్టలో అది చేసిన రంధ్రం పూడదు. దారం మూరెడు కంటే కొంచెం ఎక్కువ ఉంటే చాలు. పొడవాటి దారం త్వరగా పని అవుతుందనిపిస్తుంది గాని, మాటిమాటికీ బట్టలోంచి దూరి దూరి నలిగి తెగుతుంది. ముడిని పైకి కనబడకుండా పొరల మధ్యకు లాగేయండి. వరుసకూ వరుసకూ రెండు వేళ్ళ ఎడం ఉంటే పొరలు కదలవు.

మిషను మీద కుట్టవచ్చునా అంటే, పొరలను సమంగా ముందుకు నడిపే ప్రత్యేకమైన పాదం బిగించుకుంటే కుట్టవచ్చు. మామూలు పాదంతో కుడితే అడుగు పొర ముందుకు జరిగి, పై పొర వెనుకబడి, చివరకు నాలుగు వేళ్ళ తేడా వస్తుంది. మీకు నెల రోజులే గడువు ఉంది కాబట్టి పెద్ద బొంతను మిషను మీద, బిడ్డ బొంతను చేత్తో కుట్టమని నా సలహా. చేతికుట్టు బట్టను బిగించదు, ఆ మెత్తదనం మిషను కుట్టుకు రాదు.

ఇంకొక మాట మరవకండి. ఆ బొంతను బిడ్డ కిందే, ముడతలు లేకుండా పరవండి. ఏడాది లోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు మీద గాని తల పక్కన గాని బొంతలు, దిండ్లు ఉంచవద్దని పిల్లల వైద్యులు చెబుతారు, ఊపిరికి అడ్డుపడే ప్రమాదం ఉంది. అద్దాలు, పూసలు, గుండీలు దాని మీద కుట్టవద్దు.

ప్రశ్న: కొత్త బట్ట రంగు దిగకుండా ఉప్పునీళ్ళలో నానబెట్టాలని మా అత్తగారు అంటారు. అతుకుల బొంతకు ఎరుపు, తెలుపు ముక్కలు పక్కపక్కన వేయబోతున్నాను. ఉప్పు సరిపోతుందా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: సరిపోదండీ. బట్టకు రంగు అద్దే సమయంలో రంగు నీటిలోంచి నూలు పోగులోకి చేరడానికి ఉప్పు తోడ్పడుతుంది, ఆ అలవాటు నుంచే ఈ నమ్మకం వచ్చి ఉండవచ్చు. రంగు వేయడం ముగిసి అంగడికి వచ్చిన బట్టలో అదనంగా నిలిచి ఉన్న రంగును ఉప్పు గాని వెనిగరు గాని పట్టి ఉంచలేవు. చేయవలసింది ఒక్కటే. ఎరుపు బట్టను విడిగా, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఎన్నిసార్లయినా ఉతకాలి. చివరకు దాని మూలను తడిపి, తెల్లటి పాతగుడ్డ మీద పెట్టి ఇస్త్రీతో అదిమి చూడండి. తెల్లగుడ్డకు మరక పడితే ఆ ఎరుపు బట్ట తెలుపు పక్కన కూర్చోవడానికి తగదు. దానిని ముదురు రంగుల బొంతకు దాచుకోండి. పెడన కలంకారీ వంటి సహజ రంగుల బట్టలైతే వేడినీళ్ళు, గాఢమైన సబ్బు వాడకుండా చన్నీళ్ళలో ఉతికి నీడన ఆరవేయండి.

ప్రశ్న: మేము షికాగో దగ్గర ఉంటాము. చలికాలంలో మా మామగారు ఇక్కడే ఉన్నారు. కొన్న సాక్సుల ఎలాస్టిక్ ఆయన పిక్కల మీద గాడి పడేటట్టు నొక్కుతోందని చేత్తో ఊలు మేజోళ్ళు అల్లి ఇచ్చాను. పుస్తకంలో చెప్పినట్టే 72 కుట్లు వేశాను. అవి మరీ వదులై, బూట్ల లోపలికి జారి, మడమ కింద ముద్ద కడుతున్నాయి. ఎక్కడ తప్పు జరిగింది? (ఒక పాఠకురాలు, ఇల్లినాయ్)

జవాబు: మీరు పుస్తకం చెప్పిన అంకెను నమ్మారు, మామగారి కాలిని కొలవలేదు. చాలామంది చేసే పనే ఇది, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మేజోడు కాలి చుట్టుకొలత కంటే సుమారు పదో వంతు తక్కువగా ఉండాలి. అల్లిక సాగి కాలిని పట్టుకోవాలే గాని, సంచిలా వేలాడకూడదు. పాదం వెడల్పుగా ఉన్నచోట, అంటే వేళ్ళ మొదళ్ళ దగ్గర చుట్టుకొలత తొమ్మిది అంగుళాలు అనుకుందాం. అందులో పదో వంతు తీస్తే ఎనిమిది అంగుళాల పైచిలుకు. మీ అల్లికలో అంగుళానికి ఎనిమిది కుట్లు వస్తున్నాయనుకుంటే 65 కుట్లు అవుతాయి. అంచు దగ్గర రెండు సీదా (ముందువైపు నునుపుగా కనబడే కుట్లు), రెండు ఉల్టా (ముందువైపు ముడిలా కనబడేవి) అల్లుతాం కాబట్టి నాలుగుతో భాగించబడే అంకె కావాలి, అందుచేత 64. మీరు వేసినవి 72. ఎనిమిది కుట్లు ఎక్కువ అంటే ఒక అంగుళం ఎక్కువ, అప్పుడు మేజోడు కాలితో సమానమైపోయింది, ఇక అది కాలిని పట్టుకునేది ఎక్కడ?

అయితే అంగుళానికి ఎన్ని కుట్లు వస్తున్నాయో ఎలా తెలుస్తుంది? ఇందుకే నమూనా ముక్క అల్లాలి. మేజోడును గుండ్రంగా అల్లుతాం కాబట్టి నమూనాను కూడా గుండ్రంగానే అల్లండి. వెనక్కీ ముందుకీ తిప్పి అల్లితే ఉల్టా వరుసలు చాలామంది చేతిలో వదులవుతాయి, కొలత మారిపోతుంది. అల్లిన ముక్కను తడిపి, తువ్వాలులో నొక్కి, పరచి ఆరబెట్టాకే కొలవండి. నీళ్ళు తగిలితే ఊలు తన అసలు రూపానికి వస్తుంది. ఒక్క అంగుళంలో లెక్కపెట్టవద్దు, నాలుగు అంగుళాలలో లెక్కపెట్టి నాలుగుతో భాగించండి. మేజోళ్ళకు తగిన సన్నటి ఊలు, రెండుంబావు లేక రెండున్నర మిల్లీమీటర్ల సూదులు వాడితే నాలుగు అంగుళాలలో 28 నుంచి 32 దాకా కుట్లు వస్తాయి. అంతకంటే తక్కువ వస్తే అల్లిక పలచనై, వెచ్చదనమూ ఉండదు, మన్నికా ఉండదు. సూది సైజు తగ్గించుకోండి.

పిక్కల మీద గాడి గురించి మీరు రాసింది శ్రద్ధ పెట్టవలసిన సంగతి. పాదాలు వాచే వారికి సాయంత్రం వేళ కాలి చుట్టుకొలత ఉదయం కంటే ఎక్కువ ఉంటుంది, అందుచేత మామగారి కాలిని సాయంత్రమే కొలవండి. పై అంచు కుట్లను బిగించి ఎక్కించుకుంటే అదే ఎలాస్టిక్‌లా నొక్కుతుంది. రెండు సూదులను జతగా పట్టుకుని వాటి మీద కుట్లు ఎక్కించి, తరువాత ఒక సూదిని లాగేస్తే అంచు వదులుగా ఉంటుంది. వాపు రోజుల తరబడి తగ్గకుండా ఉంటే వైద్యునికి చూపించండి.

ఇప్పుడు అల్లిన జతను విప్పేయడానికి వెనుకాడవద్దు. ఊలు విప్పి, చిలపలా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్ళలో ముంచి వేలాడదీస్తే మెలికలు పోయి మళ్ళీ అల్లడానికి సిద్ధమవుతుంది.

ప్రశ్న: మాది నర్సాపురం దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచి లేసు అల్లుతున్నాను. కొక్కెం సూది చేతికి బాగా అలవాటు. మేజోళ్ళు కూడా దానితోనే అల్లవచ్చునా? రెండు సూదుల అల్లిక నేర్చుకుంటే మడమ దగ్గర ఎలా తిప్పాలో అసలు అర్థం కావడం లేదు. (ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా)

జవాబు: ఇంత చక్కటి పని తెలిసిన చేతికి రెండు సూదుల అల్లిక నేర్చుకోవడం కష్టమేమీ కాదు, ఆ మాట ముందు చెప్పాలి. దారం బిగువు ఎంత ఉండాలో మీ వేళ్ళకు ఇప్పటికే తెలుసు, కొత్తవారికి నెలలు పట్టేది అదే.

కొక్కెం సూదితో మేజోళ్ళు అల్లవచ్చు, అల్లేవారు ఉన్నారు. కాని లేసు పనిలో ఒక్కొక్క కుట్టునూ పూర్తిచేసి ముడివేసినట్టుగా ముందుకు పోతాం. అందువల్ల అల్లిక దళసరిగా, తక్కువ సాగేదిగా వస్తుంది. రెండు సూదుల అల్లికలో కుట్లన్నీ సూది మీద తెరిచి ఉంటాయి, ఒక ఉచ్చులోంచి ఇంకొక ఉచ్చు దూరుతూ పోతుంది. ఆ ఉచ్చులు అడ్డంగా సాగి, మళ్ళీ దగ్గరకు వస్తాయి. అడుగు వేసినప్పుడల్లా సాగి ముడుచుకోవలసిన మేజోడుకు ఆ గుణమే ప్రాణం. ఇంకొక సంగతి కూడా మీకు నచ్చుతుంది. మనకు దొరికిన అతి పాత మేజోళ్ళలో కొన్ని ఈజిప్టులో దొరికాయి. అవి పదహారు పదిహేడు వందల ఏళ్ళనాటివి, ఎర్రటి ఉన్నితో చేసినవి, చెప్పు పట్టీ దూరడానికి బొటనవేలు విడిగా ఉన్నవి. వాటిని రెండు సూదులతో అల్లలేదు, ఒక్క సూదితో ఉచ్చులు వేసుకుంటూ చేశారు. ప్రస్తుతం అవి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ఒంటి సూదితో మీరు చేసే పనికీ దానికీ పద్ధతి వేరైనా, చేతి కదలిక మీకు కొత్తగా ఉండదనుకుంటాను.

ఇక మడమ. మేజోడు గొట్టంలా కిందికి దిగుతూ వస్తుంది. మడమ దగ్గర ఆ గొట్టం వంగి ముందుకు తిరగాలి. బట్ట అయితే కత్తిరించి కుడతాం, ఇక్కడ కత్తిరించకుండా అల్లికలోనే గిన్నె వంటి గుంట తేవాలి. దీనికి మూడు అంచెలు ఉన్నాయి. 64 కుట్ల మేజోడు అనుకుని చెబుతాను, పక్కన సూదులు పెట్టుకుని చదవండి.

మొదటి అంచెలో సగం కుట్లను, అంటే 32ను, అలాగే వదిలేసి మిగతా 32 కుట్ల మీద మాత్రమే వెనక్కీ ముందుకీ 32 వరుసలు అల్లాలి. ప్రతి వరుసలో మొదటి కుట్టును అల్లకుండానే ఒక సూది మీంచి రెండో సూది మీదికి జార్చాలి. సీదా వరుసలలో ఒక కుట్టు జార్చి ఒక కుట్టు అల్లుతూ పోతే వెనుకవైపు దారం అదనంగా పరుచుకుని, చెప్పుకు రాసుకునే చోట మడమ రెట్టింపు దళసరిగా వస్తుంది. ఇది మడమ వెనుక నిలువుగా నిలిచే పలక.

రెండో అంచె మలుపు. సీదా వరుసలో 18 కుట్లు అల్లి, తరువాతి రెండింటిని ఒకటిగా కలిపి, ఇంకొకటి అల్లి, వరుస మిగిలి ఉండగానే పనిని వెనక్కి తిప్పేయండి. చాలామంది భయపడేది ఇక్కడే. ఇప్పుడు మొదటి కుట్టు జార్చి, ఐదు ఉల్టా అల్లి, రెండింటిని ఒకటి చేసి, ఇంకొకటి ఉల్టా అల్లి మళ్ళీ తిప్పండి. ఇలా తిప్పిన చోట చిన్న సందు కనిపిస్తుంది. తరువాతి వరుసలలో ఆ సందుకు ఇటువైపు కుట్టునూ అటువైపు కుట్టునూ కలుపుతూ, తరువాత ఒకటి అల్లి తిప్పుతూ ఉంటే నడుమ భాగం వరుసకు ఒక్కొక్క కుట్టు చొప్పున వెడల్పవుతుంది. చివరి రెండు వరుసలలో కలిపిన తరువాత అల్లడానికి కుట్టు మిగలదు, అది సరైనదే. అన్నీ ముగిసేసరికి సూది మీద 18 కుట్లు ఉంటాయి, మీ చేతిలో గుంట తేరిన మడమ ఉంటుంది. నేను మొదటిసారి ఇది చేసిన రాత్రి ఆ చిన్న గిన్నెను నా మడమకు తొడిగి చూసుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

మూడో అంచెలో పలక రెండు పక్కల అంచుల వెంట జార్చిన కుట్ల ఉచ్చులు 16 చొప్పున కనబడతాయి. వాటిలోంచి కొత్త కుట్లు ఎత్తుకోండి. 18, రెండు పదహార్లు, పక్కన ఆగి ఉన్న 32 కలిపి 82 అవుతాయి. మళ్ళీ గుండ్రంగా అల్లుతూ, ఒకటి విడిచి ఒక చుట్టులో రెండు పక్కలా ఒక్కొక్క కుట్టు తగ్గిస్తూ పోతే తొమ్మిదో తగ్గింపుకు తిరిగి 64కు వస్తారు. అక్కడి నుంచి బొటనవేలి కొనకు రెండు అంగుళాలు మిగిలేదాకా తిన్నగా అల్లి, తరువాత వేళ్ళ వైపు తగ్గించుకుంటూ వెళ్ళడమే.

ఊలు గురించి ఒక మాట. మన అంగళ్ళలో ఊలు పేరుతో దొరికేది ఎక్కువ భాగం యాక్రిలిక్. నేర్చుకోవడానికి అది చాలు గాని, చెమట పీల్చదు కాబట్టి తొడుక్కోవడానికి నేను దానిని మెచ్చను. మేజోళ్ళకని అమ్మే దారంలో సాధారణంగా నాలుగింట మూడు వంతులు ఉన్ని, ఒక వంతు నైలాన్ ఉంటుంది. ఆ నైలానే మడమను అరగకుండా కాపాడుతుంది. వంద గ్రాముల ఉండలో ఇంచుమించు 400 మీటర్ల దారం ఉంటుంది, ఒక జతకు సరిపోతుంది. మన దక్కనీ గొర్రెల ఉన్నితో అల్లవచ్చునా అని మీరు అడగలేదు గాని, ఇంకొందరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఆ ఉన్ని ముతకది. వానకూ చలికీ తట్టుకునే గొంగళికి దానిని మించినది లేదు, కాని పాదానికి గుచ్చుకుంటుంది.

ప్రశ్న: నాలుగు సూదుల మీద అల్లుతుంటే సూదికీ సూదికీ నడుమ నిచ్చెన మెట్లలా సందులు వస్తున్నాయి. (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: కొత్త సూదిలో మొదటి కుట్టును బిగించడం వల్ల ప్రయోజనం తక్కువ. రెండో కుట్టు అల్లాక దారాన్ని లాగి బిగించండి, అప్పుడు మొదటిది కూడా బిగుస్తుంది. నాలుగైదు చుట్లకొకసారి ఒకటి రెండు కుట్లను పక్క సూదికి జరుపుతూ ఉంటే సందు ఒకే చోట పేరుకోదు. చిన్నపాటి సందులు మొదటి ఉతుకులో సర్దుకుంటాయి.

ప్రశ్న: ఒహాయోలో మా పేటలోని క్విల్టింగ్ బృందంలో చేరాను. అక్కడ అందరూ కొత్త బట్ట కొని, ముక్కలు చేసి, మళ్ళీ కుడతారు. మన బొంత గురించి చెబితే ఆసక్తిగా విన్నారు. మంగళగిరి, పోచంపల్లి బట్టలతో అతుకుల పని చేయాలనుకుంటున్నాను. ఏమి జాగ్రత్తలు తీసుకోవాలి? (ఒక పాఠకురాలు, ఒహాయో)

జవాబు: వారికి మన బొంత గురించి చెప్పడం నాకు చాలా సంతోషం కలిగించింది. బెంగాలులో కాంథా, మహారాష్ట్రలో గోధడి, కర్ణాటకలో కౌది, ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ స్త్రీలు కుట్టే కవంది, అన్నీ పాత బట్ట పొరలను పరుగుకుట్టుతో కలిపేవే. కవందిని అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి చుట్టూ కుట్టుకుంటూ వస్తారని మీ బృందానికి చెప్పండి, మనం నడుమ నుంచి బయటికి టాకాలు వేసే పద్ధతికి అది సరిగ్గా ఎదురు. అమెరికాలోనే అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చోట నల్లజాతి స్త్రీలు అరిగిపోయిన పనిబట్టలతో కుట్టిన బొంతలను 2002 నుంచి పెద్ద పెద్ద మ్యూజియాలలో ప్రదర్శించారు, 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు కూడా వచ్చాయి. పాత బట్టతో కుట్టడం వారికీ కొత్త కాదు.

చేనేత బట్టకు రెండు జాగ్రత్తలు కావాలి. మొదటిది గంజి. మగ్గం మీదికి ఎక్కించే పడుగుకు గంజి పెడతారు కాబట్టి బట్టను రాత్రంతా నీళ్ళలో ఉంచి ఉతికాకే కొలవాలి. రెండోది, కత్తిరించిన అంచులలో పోగులు ఊడటం. అక్కడ అందరూ వదిలే కుట్టు అంచు పావు అంగుళం. మరమగ్గం బట్టకు అది చాలు. వదులు నేత ఉన్న చేనేతకు మాత్రం అర అంగుళం వదలండి, లేదా కత్తిరించే ముందు పలచగా గంజి పెట్టి ఇస్త్రీ చేసి, బొంత పూర్తయ్యాక ఉతికేయండి. మూడు అంగుళాల చదరం కావాలంటే పావు అంగుళం చొప్పున రెండు వైపులా కలిపి మూడున్నర అంగుళాలకు కత్తిరించాలి, అర అంగుళం వదిలితే నాలుగు అంగుళాలకు. ఈ లెక్క ముందే కాగితం మీద వేసుకోకపోతే బట్ట చాలదు.

పోచంపల్లి ఇక్కత్‌ను మరీ చిన్న ముక్కలు చేయవద్దని నా అభిప్రాయం. ఆ నమూనా నేతకు ముందే నూలు మీద కట్టి రంగువేసి తెచ్చినది. రెండు అంగుళాల ముక్కలో ఆ అందం ఏమీ మిగలదు. పెద్ద చదరాలుగా నడుమ ఉంచి, చుట్టూ మంగళగిరి సాదా బట్టను వాడండి. నడిమి దూది పొర కొనేటప్పుడు కుట్టు వరుసల మధ్య గరిష్ఠంగా ఎంత ఎడం ఉండవచ్చో సంచి మీద రాసి ఉంటుంది. అది చదివి, దానికి తగ్గట్టు వరుసలు గీసుకోండి. లేకపోతే దూది ఉతికినప్పుడు ఉండలు కడుతుంది.

ప్రశ్న: రైల్వేలో పనిచేసి విరమించాను. మా ఆవిడ దగ్గర మేజోళ్ళ అల్లిక నేర్చుకుంటున్నాను. ఇరుగుపొరుగువారు ఇది ఆడవారి పని కదా అంటున్నారు. గంటసేపు అల్లితే బొటనవేలి మొదట్లో నొప్పి వస్తోంది. (ఒక పాఠకుడు, గుంతకల్లు)

జవాబు: అయ్యా, మేజోళ్ళు అల్లే మరమగ్గానికి మూలమైన చట్రాన్ని 1589లో ఇంగ్లండులో తయారుచేసిన విలియం లీ మగవారే. ఐరోపా పట్టణాలలో అల్లికపనివారి శ్రేణులను నడిపినవారు కూడా మగవారే. ఇరుగుపొరుగుకు ఈ మాట చెప్పి అల్లుకోండి.

నొప్పిని మాత్రం తేలికగా తీసుకోవద్దు. గంటసేపు ఏకబిగిన అల్లడం ఎక్కువ. ఇరవై నిమిషాలకొకసారి సూదులు దించి, వేళ్ళు చాపి, మణికట్టు తిప్పండి. ఉక్కు సూదులు జారతాయనే భయంతో కొత్తవారు వాటిని గట్టిగా బిగించి పట్టుకుంటారు. వెదురు సూదులు తేలికగా ఉంటాయి, కుట్లు జారవు, కాబట్టి పట్టు దానంతటదే సడలుతుంది. ముదురు రంగు ఊలుతో రాత్రి దీపం కింద అల్లవద్దు, కుట్టు కనబడక మెడ వంచుతారు. నొప్పి తగ్గకపోయినా, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నా వైద్యుణ్ణి చూడండి.

ప్రశ్న: విశాఖలో తేమ ఎక్కువ. ఊలు మేజోళ్ళకు, బొంతలకు పురుగు పట్టకుండా నాఫ్తలీన్ ఉండలు వేస్తున్నాను. ఇది సరైన పద్ధతేనా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: ముందు పురుగులను వేరుగా గుర్తించాలి. ఉన్నిని తినేది చిన్న చిమ్మెట పెట్టే గుడ్లలోంచి వచ్చే పురుగు, చెమట, నూనె మరకలు ఉన్న చోట అది మరింత పడుతుంది. నూలు బొంతను అది తినదు. బొంతకు శత్రువు వెండిరంగులో మెరిసే పురుగు, దానికి కావలసింది గంజి. అందుచేత మేజోళ్ళను ఉతికి, పూర్తిగా ఆరాకే దాచండి. బొంతకు గంజి పెట్టి దాచవద్దు. రెండింటినీ నెలకొకసారి ఎండలో దులిపి, మడతలు మార్చి పెట్టండి. ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి మడతల మధ్య పెట్టే మన అలవాటు మంచిదే, కాని ఉతకకుండా దాచిన ఊలును అదొక్కటే కాపాడలేదు.

నాఫ్తలీన్ ఉండలను పసిబిడ్డల బట్టల దగ్గర ఎట్టి పరిస్థితిలోనూ ఉంచవద్దు. జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టే పిల్లలు కొందరు ఉంటారు. ఆ ఉండలతో దాచిన బట్టలు వారికి తొడిగినా, కప్పినా ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు, రక్తహీనత రావచ్చు. ఆ లోపం ఉన్నట్టు ముందుగా ఇంట్లో ఎవరికీ తెలియదు. మొదటి ప్రశ్న అడిగిన కరీంనగర్ అమ్మ కూడా ఇది గమనించాలి. అమ్మగారి చీరలు ఇన్నాళ్ళూ ఆ ఉండల మధ్య ఉండి ఉంటే, వాసన పూర్తిగా పోయేదాకా వాటిని పలుమార్లు ఉతికి ఎండవేయండి. అప్పటికీ వాసన మిగిలిన చీరను బిడ్డ బొంతకు వాడకుండా అమ్మాయి బొంతకు కూడా దూరంగానే ఉంచండి, ఇద్దరూ ఒకే పక్క మీద పడుకుంటారు.

ప్రశ్న: ఒక మేజోడు ముగించి మూడు నెలలయింది. రెండోది ఇప్పుడు అల్లితే అర అంగుళం పొడవు ఎక్కువ వచ్చింది. (ఒక విద్యార్థిని, హైదరాబాదు)

జవాబు: మూడు నెలలలో నీ చేతి బిగువు మారింది తల్లీ, అనుభవంతో చేయి సడలడం మామూలే. టేపుతో కొలిచి ఆపడం కంటే వరుసలు లెక్కపెట్టి ఆపడం మంచిది. మొదటి మేజోడును వెలుతురులో పెట్టి, మడమ నుంచి వేళ్ళ తగ్గింపు దాకా ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కపెట్టి రాసుకో. రెండోది అంతవరకు విప్పి, అన్నే వరుసలు అల్లు. అప్పటికీ పొడవు తేడా వస్తే ఈసారి పావు మిల్లీమీటరు సన్నని సూది తీసుకో. వచ్చే జతకు పొడవాటి తీగ ఉన్న సూది కొని, రెండు మేజోళ్ళనూ రెండు ఉండలతో దాని మీదే పక్కపక్కన అల్లుకుంటూ పో. రెండూ ఒకే రోజున, ఒకే చేతితో ముగుస్తాయి.